వేడ్‌కీ వాటర్‌కీ చుట్టరికం లేదు

మోకాలి లోతు వాగులో దిగి, నడిచి, అవతలి గట్టెక్కడాన్ని ఇంగ్లీషులో ‘వేడ్’ అంటారు. నీళ్ళతో ఇంతగా ముడిపడ్డ మాట ‘వాటర్’ నుంచే పుట్టి ఉంటుందని చాలామంది అనుకుంటారు. పుట్టలేదు. వాటర్‌కి చుట్టం మన ‘ఉదకం’. వేడ్ వంశం వేరు, దాని మూలానికి నీళ్ళతో పనే లేదు. ఆ మూలానికి ‘వెళ్ళడం’ అనే అర్థం తప్ప ఇంకేమీ లేదు.

ఇంగ్లీషు, లాటిన్, సంస్కృతం ఒకే పురాతన తల్లిభాష నుంచి వచ్చాయి, ఈ మూలం అక్కడిదే. దాన్నుంచే లాటిన్‌లో ‘వాదెరె’ వచ్చింది. దానర్థమూ వెళ్ళడమే. ఇక్కడ ఒక అనుమానం రావాలి. లాటిన్‌లో ‘ద’ ఉన్న చోట ఇంగ్లీషులో సాధారణంగా ‘ట’ కనిపిస్తుంది: దువో అంటే టూ, దెకెం అంటే టెన్. మరి వాదెరె, వేడ్ రెండిట్లోనూ ద-డలే ఉన్నాయేం? మూలంలో ఉన్నది ‘ద’ కాదు, ‘ధ’ కాబట్టి. మాట మధ్యలో వచ్చే ధకారాన్ని లాటినూ వత్తు తీసి పలికింది, జర్మానిక్ భాషలూ (ఇంగ్లీషు, జర్మన్ ఉన్న కుటుంబం) అలాగే పలికాయి. సంస్కృతం మాత్రం వత్తు నిలబెట్టుకుంది. అందుకే మనకు ‘మధ్య’ అయితే లాటిన్‌కు ‘మెదియుస్’, ఇంగ్లీషుకు ‘మిడ్’. మనకు ‘విధవ’ అయితే వాళ్ళకు ‘విదువ’, ‘విడో’. తెలుగు చదివేవాళ్ళకు ఈ సూత్రం ఇంగ్లీషువాళ్ళకంటే తొందరగా పట్టుబడుతుంది.

లాటిన్ శాఖ 15-17 శతాబ్దాల మధ్య ఇన్వేడ్ (లోపలికి చొచ్చుకెళ్ళడం), ఇవేడ్ (తప్పించుకుపోవడం), పర్వేడ్ (అంతటా పాకడం) రూపాల్లో ఇంగ్లీషులోకి చేరింది. అప్పటికే ఇంట్లో ఉన్న వేడ్‌కి ఇవి దాయాదులు. నదిలో నడిచి దాటగలిగే లోతులేని చోటును రోమన్లు ‘వాదుం’ అన్నారు. స్పానిష్‌లో అది ‘వాదో’. స్పెయిన్ వీధుల్లో గరాజ్ గేట్ల మీద ‘వాదో పెర్మనెంతే’ అని బోర్డు ఉంటుంది. ఇక్కడ ఎప్పుడూ బండి ఆపకూడదని దాని భావం. ఏటి రేవు పేరు కాస్తా కారు దిగే వాలుకు దక్కింది.

పాత ఇంగ్లీషులో మన క్రియ ‘వాదన్’. అది ముందుకు సాగడం, మీదికి నడవడం అనే అర్థంలో ఎక్కువగా కవిత్వంలో కనబడుతుంది. 991లో ఇంగ్లండ్ తూర్పు తీరాన మాల్డన్ దగ్గర, ఓడల్లో దాడికొచ్చిన స్కాండినేవియన్లైన వైకింగులతో జరిగిన యుద్ధం మీద ఒక కావ్యం ఉంది. అందులో 96వ పాదం దగ్గర వైకింగులు నీటిని లెక్కచేయకుండా పాంటె నది దాటి వస్తారు. అక్కడి క్రియ ఇదే. సరే, నీళ్ళు ఉన్నాయి కదా అనుకుంటే, 130వ పాదంలో ఒక యోధుడు ఆయుధం పైకెత్తి పొడినేల మీద శత్రువుపైకి నడుస్తాడు. అక్కడా ఇదే క్రియ. నీటిని దాటడమని ప్రత్యేకంగా చెప్పాలంటే ముందు ‘ఓఫెర్’ (నేటి ‘ఓవర్’) చేర్చి ‘ఓఫెర్‌వాదన్’ అనేవాళ్ళు. అంటే మాటలో నీళ్ళు అప్పటికింకా చేరలేదు.

1200 ప్రాంతానికి అర్థం కుంచించుకుంది. కాలికి అడ్డం పడేదేదైనా, అంటే నీరు, బురద, మంచు, దానిలోంచి కష్టపడి నడవడం వేడ్ అయింది. ఉత్త ‘వెళ్ళడం’ అనే పని ‘గో’కి మిగిలిపోయింది. భూతకాల రూపమూ మారింది. టేక్-టుక్, షేక్-షుక్ వరసలో దీనికీ పాతరోజుల్లో ‘వోద్’ ఉండేది. ఇప్పుడు ‘వేడెడ్’ ఒక్కటే.

‘వేడ్ ఇన్’ అంటే గొడవలోకి దూకడం. ఇది మాల్డన్ నాటి యుద్ధార్థమే మళ్ళీ తలెత్తినట్టు కనిపిస్తుంది గానీ, నమ్మకూడదు. ఈ ప్రయోగం 19వ శతాబ్దిది, నీళ్ళలోకి దిగడమనే పోలిక మీద కట్టింది. తెలుగులో దీనికి ‘దిగడం’ అచ్చంగా సరిపోతుంది: వివాదంలోకి దిగారు, బరిలోకి దిగారు. ‘వేడ్ త్రూ’ దగ్గరే అనువాదకులు తడబడతారు. ఐదొందల పేజీల నివేదికను వేడ్ త్రూ చేశాడంటే తిరగేశాడని కాదు, ఓపిగ్గా ఆసాంతం లాక్కొచ్చాడని. ఇలాంటి చోట మనం ‘ఈదుకొచ్చాడు’ అంటాం. అసలర్థంలో మాత్రం ఈత వేరు, వేడ్ వేరు: పాదం అడుగున ఆనితేనే వేడ్.

ఆ పాదం ఆనడమే పక్షుల పేర్లలోకీ వెళ్ళింది, కానీ అట్లాంటిక్‌కు రెండువైపులా ఒకేలా కాదు. బ్రిటన్‌లో ‘వేడర్’ అంటే ఒడ్డున బురదలో పొడుచుకు తినే ఉల్లంకుల్లాంటి పిట్టలు. అమెరికాలో వాటిని షోర్‌బర్డ్స్ అంటారు, ‘వేడింగ్ బర్డ్స్’ అంటే కొంగలు. అనువదించేముందు పుస్తకం ఎక్కడిదో చూసుకోవాలి.

ఈమధ్య ఈ మాట మన రోడ్లమీదికే వచ్చింది. కార్ల బ్రోషర్లలో ‘వాటర్ వేడింగ్ డెప్త్’ అని ఉంటుంది, అంటే బండి దాటగల నీటి లోతు. మహీంద్రా థార్‌కి 650 మిల్లీమీటర్లు, ఎయిర్ సస్పెన్షన్ (గాలితో బండి ఎత్తు పెంచే అమరిక) ఉన్న ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కి 900. ఆ కొలత నేలనుంచి నీటి పైమట్టం దాకా, అదీ నెమ్మదిగా పోతున్నప్పటి లెక్క. వేగం పెంచితే ముందు లేచే అల బానెట్ మీదికొచ్చి గాలి పీల్చే గొట్టంలోకి నీరు చేరుతుంది. గాలిలా నీరు నొక్కితే కుదించుకుపోదు కాబట్టి పైకొస్తున్న పిస్టన్ దానికి కొట్టుకుని ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్ళలో ఇంజన్ ఆగితే మళ్ళీ స్టార్ట్ చేయొద్దనేది ఇందుకే. పారే వాగుకు ఆ అంకె వర్తించదు. బండి కొంత తేలి టైర్లమీద బరువు తగ్గాక, పక్కనుంచి తోసే నీటికి దాన్ని లాక్కుపోవడానికి 650 అక్కర్లేదు, అంతకంటే తక్కువ లోతే చాలు.