పదహారో లక్ష్యం ఎందుకు పెట్టారంటే

ప్రియమైన పిల్లలకు,

రంగురంగుల గళ్లతో 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు చూపించే పోస్టర్‌ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆకలి లేకుండా చేయడం, మంచినీళ్లు, చదువు, కరెంటు, అడవులు, సముద్రాలు... ఐక్యరాజ్యసమితిలోని 193 దేశాలు 2015 సెప్టెంబరులో వీటికి ఒప్పుకున్నాయి. 2030 కల్లా చేరుకోవాలన్నది గడువు. వాటిలో పదహారోది మాత్రం మిగతావాటి పక్కన కాస్త కొత్తగా కనిపిస్తుంది: శాంతి, న్యాయం, అందరినీ కలుపుకుపోయే బలమైన సంస్థలు. నీళ్లంటే తెలుసు, తిండంటే తెలుసు, మరి ఈ సంస్థలు ఎవరి కడుపు నింపుతాయని మీకు అనిపిస్తే అది సరైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలనే ఈ ఉత్తరం.

అంతకు ముందు కూడా, 2015 గడువుగా, ఎనిమిది లక్ష్యాలు ఉండేవి. వాటిలో శాంతి ఊసు లేదు, న్యాయం ఊసు లేదు. 2011లో ప్రపంచ బ్యాంకు తన నివేదికలో ఒక మాట రాసింది. యుద్ధాలతోనో, కుప్పకూలిన పాలనతోనో నలిగిపోతున్న పేద దేశాల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా అప్పటికి ఆ ఎనిమిదిలో ఏ ఒక్కదాన్నీ అందుకోలేదని. సాయం అందలేదని కాదు. డబ్బూ వెళ్లింది, మందులూ వెళ్లాయి. అవి మనుషుల దాకా చేరే దారే లేదు. చాలా వాదనలు నడిచాక పదహారో లక్ష్యం జాబితాలోకి ఎక్కడానికి ఈ అనుభవమే పెద్ద కారణం.

దారి లేకపోవడమంటే ఏమిటో ఒక పురుగు కథతో చెబుతాను. గినియా పురుగు అంటారు, తెలుగులో నారికురుపు. దీని పిల్లలు చెరువు నీళ్లలో కంటికి ఆనని చిన్న జీవుల లోపల ఉంటాయి. ఆ నీళ్లు వడకట్టకుండా తాగితే మన ఒంట్లోకి వస్తాయి. ఏడాది పాటు ఏమీ తెలియదు. తర్వాత ఒకరోజు కాలి మీద పొక్కు లేస్తుంది, భరించలేనంత మంట. పొక్కు చితికి సన్నటి తెల్లటి పురుగు తల బయటపెడుతుంది. పొడవు మీటరు దాకా ఉంటుంది. గుంజితే తెగుతుంది, తెగితే పుండు చీము పడుతుంది. అందుకని చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున బయటికి తీయాలి, వారాలు పడుతుంది. అన్ని రోజులూ పొలం పని లేదు, బడి లేదు. మంటకు తాళలేక మనిషి కాలు నీళ్లలో పెట్టగానే పురుగు తన పిల్లల్ని ఆ చెరువులోకి వదులుతుంది. కథ మళ్లీ మొదటికొస్తుంది.

దీనికి మందు లేదు, టీకా లేదు. కానీ తాగే నీళ్లను సన్నని గుడ్డలో వడకడితే చాలావరకు ఆపేయొచ్చు! 1986లో 21 దేశాల్లో దాదాపు 35 లక్షల మందిని ఇది పీడించేది. ఇంత చవకైన ఉపాయం ఉండగా ఎందుకు ఆగలేదు? కొన్నిచోట్ల ప్రచారం సరిపోలేదు. సూడాన్‌లో మాత్రం అంతర్యుద్ధం నడుస్తోంది. గుడ్డలు సిద్ధంగా ఉన్నా, వాటిని పట్టుకుని ఊళ్లలోకి వెళ్లే ఆరోగ్య కార్యకర్తలకు ప్రాణభయం. 1995లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ రెండు పక్షాలతోనూ మాట్లాడి కాల్పుల విరమణకు ఒప్పించారు. రెండు నెలలకని మొదలైంది కాస్తా దాదాపు ఆరు నెలలు సాగింది. ఆ వ్యవధిలో, అప్పటిదాకా ఎవరూ అడుగుపెట్టలేకపోయిన ఊళ్లకు వడపోత గుడ్డలు చేరాయి, పిల్లలకు వేరే జబ్బులు రాకుండా టీకాలు కూడా పడ్డాయి. యుద్ధం ముగియలేదు, అది ఇంకో పదేళ్లు నడిచింది. అయినా ఆరు నెలల శాంతితో ఎంత పని జరిగిందో చూడండి. 2023లో ప్రపంచం మొత్తం మీద మనుషుల్లో 14 కేసులే నమోదయ్యాయి. ఆ మిగిలిన కొసరు కూడా ఎక్కువగా చాద్, దక్షిణ సూడాన్ లాంటి, అలజడి తగ్గని దేశాల్లోనే ఉండటం కాకతాళీయం కాదు.

తుపాకులు ఆగితే అన్నీ సర్దుకుంటాయా అంటే, లేదు. ఆఫ్రికా దేశమైన రువాండాలో 1994లో సుమారు వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మందిని చంపేశారు. చంపినవాళ్లలో ఇరుగుపొరుగువాళ్లే ఎంతోమంది. హత్యలు ఆగాక జైళ్లలో లక్షమందికి పైగా నిందితులు. ఉన్న కోర్టులతో ఆ విచారణలన్నీ తేలడానికి తరాలు పట్టేవి. పక్కింట్లో తన కుటుంబాన్ని చంపినవాడు ఉన్నాడని తెలిసిన మనిషి రేపు అతనితో కలిసి కాలువ తవ్వగలడా? అందుకని గచాచా అనే పాత ఊరి పంచాయితీ పద్ధతిని మళ్లీ తెచ్చారు. ఊరివాళ్లు తమలోంచే న్యాయనిర్ణేతల్ని ఎన్నుకునేవారు. 2012లో ముగిసేనాటికి దాదాపు 19 లక్షల కేసులు తేల్చారు. లోపాలు చిన్నవేం కావు. నిందితుల తరఫున వకీళ్లు లేరు, సాక్షులకు బెదిరింపులొచ్చాయి, అప్పుడే అక్కడ నడిచిన అంతర్యుద్ధంలో గెలిచిన పక్షం చేసిన హత్యలు ఆ పంచాయితీల ముందుకే రాలేదు. సగం న్యాయం అన్నవాళ్లతో నేనూ ఏకీభవిస్తాను. కానీ ఏ విచారణా లేకుండా వదిలేసి ఉంటే ఆ ఊళ్లలో జనం కలిసి బతికేవారని నేననుకోను.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. గొడవలేవీ కనబడని చోటల్లా శాంతి ఉన్నట్టు కాదు. నోరెత్తితే ఏమవుతుందోనని భయపడే చోట కూడా బయటికి అంతా ప్రశాంతంగానే కనిపిస్తుంది. అక్కడ ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి తప్పులు దిద్దేవాళ్లూ ఉండరు.

ఇక సంస్థలు. ఈ మాట వినగానే పెద్ద భవనాలు ఊహించుకోకండి. డబ్బు ఎటు పోయిందో అడిగితే జవాబు దొరికే ఏర్పాటు ఉందా లేదా అన్నదే అసలు విషయం. ఉగాండాలో 1990ల మొదట్లో ప్రభుత్వం ప్రాథమిక బడులకు, ఒక్కో విద్యార్థికి ఇంత అని లెక్కగట్టి గ్రాంటు ఇచ్చేది. అది నిజంగా బడికి చేరుతోందా అని పరిశోధకులు బడి బడికీ వెళ్లి ఆరా తీశారు. 1991 నుంచి 1995 వరకు సగటున నూటికి 13 వంతులే చేరాయి! చాలా బడులకు అసలేమీ రాలేదు. తమకు అంత డబ్బు రావాలన్న సంగతే తల్లిదండ్రులకు తెలియదు, ఇక ఎవరిని అడుగుతారు? అప్పుడు ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పేపర్లో వేయించడం మొదలుపెట్టింది. బడి గోడ మీద కూడా నోటీసు అంటించాలంది. 2001 వచ్చేసరికి నూటికి 80కి పైగా బడికి చేరుతున్నాయి. మధ్యలో 1997లో ఉచిత ప్రాథమిక విద్య వచ్చింది, ఇతర మార్పులూ జరిగాయి, కాబట్టి ఘనతంతా పేపర్‌దే కాదని వాదించినవాళ్లున్నారు. కానీ పేపర్ దొరికే చోటుకు దగ్గరగా ఉన్న బడులకు డబ్బు ఎక్కువగా చేరిందని కూడా ఆ పరిశోధకులే చూపించారు. నాకైతే ఆ గోడ మీది నోటీసు ఎంతో గొప్ప పని అనిపిస్తుంది. స్వీడన్ 1766లోనే ప్రభుత్వ కాగితాలు చూసే హక్కును చట్టం చేసింది. భారతదేశంలో సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది.

అందరినీ కలుపుకుపోవడం అంటే మొహమాటానికి అందరికీ కుర్చీ వేయడం అనుకోకండి. కుర్చీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి డబ్బు దేనికి ఖర్చవుతుందో మారిపోతుంది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో మహిళలకు రిజర్వ్ అయిన పంచాయతీలను, కాని పంచాయతీలను ఆర్థికవేత్తలు రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో పోల్చి చూశారు. మహిళలు సర్పంచులుగా ఉన్నచోట తాగునీటి పనులు ఎక్కువ జరిగాయి. రెండు రాష్ట్రాల్లోనూ మహిళలు ఎక్కువగా అడిగింది నీళ్ల గురించే. బిందె మోసేవాళ్లకు తెలిసిన కష్టం తీర్మానంలోకి ఎక్కింది, అంతే.

చివరిగా మీ వయసువాళ్లకు సంబంధించిన మాట. పదహారో లక్ష్యంలో, 2030 కల్లా పుట్టిన ప్రతి ఒక్కరికీ చట్టబద్ధమైన గుర్తింపు ఉండాలని రాసుకున్నారు. 2024లో ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు 15 కోట్ల మంది పుట్టుక ఏ రిజిస్టర్‌లోనూ లేదు. అలాంటి పాప ఉందన్న సంగతి ప్రభుత్వానికి తెలియదు కాబట్టి, ఎన్ని టీకాలు కావాలో, ఎన్ని గదుల బడి కట్టాలో వేసే లెక్కలోకి ఆమె రాదు. పన్నెండేళ్లకే పెళ్లి చేస్తుంటే ఆమె వయసింతేనని చూపించడానికి కాగితం ఉండదు. పనిలో పెట్టుకున్నా అంతే. తప్పిపోతే ఎవరి పిల్లో చెప్పడం కష్టం.

మీ బర్త్ సర్టిఫికెట్ ఇంట్లో ఎక్కడుందో అడిగి ఒకసారి తీసి చూడండి. పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు సరిగా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే ఇప్పుడే దిద్దించమనండి, పెద్ద పరీక్షల ముందు ఆ టెన్షన్ వద్దు. మీతో ఆడుకునేవాళ్లలో ఎవరికైనా అది అసలు లేదని తెలిస్తే, మీ టీచరుకు చెప్పండి. ఆలస్యంగా నమోదు చేయించుకునే వీలు చాలా దేశాల చట్టాల్లో ఉంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య