అమెరికా పేరు అడగదు, మన చట్టం సంతకం అడుగుతుంది: పసిబిడ్డల అప్పగింత వెనక చరిత్ర

పురిటి బిడ్డ చెత్తకుప్పలోనో ముళ్లపొదలోనో దొరికిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: పేరు చెప్పకుండా, కేసు భయం లేకుండా బిడ్డను క్షేమంగా అప్పగించనిచ్చే అమెరికా 'సేఫ్ హేవెన్' చట్టం మనకూ ఉంటే బాగుండేదని. పెంచలేని బిడ్డను చట్టప్రకారం అప్పగించే దారి మన దేశంలోనూ ఉంది, చాలామందికి తెలియదంతే. అయితే అమెరికాలో తల్లి పేరు అడగరు, ఇక్కడ సంతకం అడుగుతారు. అక్కడి చట్టం బిడ్డ చచ్చిపోతుందన్న భయంతో పుట్టింది. మన చట్టం బిడ్డ అమ్ముడుపోతుందన్న భయంతో పుట్టింది. ఆ రెండో భయం ఎంత నిజమో తెలుగు నేల కళ్లారా చూసింది.

అమెరికాలో ఈ ఆలోచన మొదట చట్టంగా రాలేదు. 1998లో అలబామా రాష్ట్రంలోని మొబైల్ నగరంలో ఒక టీవీ విలేకరి, అక్కడి జిల్లా ప్రాసిక్యూటర్ కలిసి ఒక ఏర్పాటు చేశారు. పసిబిడ్డను క్షేమంగా ఆసుపత్రిలో అప్పగిస్తే తల్లిపై కేసు ఉండదన్నది దాని సారం. మరుసటి ఏడాది టెక్సస్ దాన్ని చట్టం చేసింది. జార్జ్ బుష్ గవర్నరుగా సంతకం చేసిన ఆ చట్టానికి 'బేబీ మోజెస్' అన్న పేరు స్థిరపడింది. 2008 నాటికి మొత్తం 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చేశాయి.

పేరు ఒకటే అయినా వివరాలు రాష్ట్రానికో రకం. కాలిఫోర్నియాలో బిడ్డ పుట్టిన 72 గంటల్లోపు అప్పగించాలి. బిడ్డ కాలికి నంబరు ఉన్న పట్టీ కట్టి, అదే నంబరు పట్టీ తల్లికీ ఇస్తారు. మనసు మారితే 14 రోజుల్లోపు ఆ నంబరుతో వచ్చి బిడ్డను అడగొచ్చు. ఆరోగ్య వివరాల ఫారం ఇస్తారు గానీ నింపి తీరాలన్న బలవంతం లేదు. టెక్సస్‌లో ఇప్పుడు 60 రోజుల గడువుంది, నార్త్ డకోటాలో ఏడాది.

గడువు రాయడం మరిచిపోతే ఏమవుతుందో నెబ్రాస్కా చూపించింది. 2008 జులైలో అమల్లోకి వచ్చిన ఆ రాష్ట్ర చట్టంలో 'బిడ్డ' అని రాశారు తప్ప ఎన్ని రోజుల బిడ్డో రాయలేదు. నాలుగు నెలల్లో 36 మంది పిల్లలను ఆసుపత్రుల్లో వదిలేశారు. చాలామంది పదేళ్లు దాటినవారు. వారిలో పురిటి బిడ్డ ఒక్కరూ లేరు. భార్య చనిపోయిన ఒక తండ్రి ఒకేరోజు తొమ్మిది మందిని తెచ్చి వదిలాడు. వేరే రాష్ట్రాల నుంచి కూడా తీసుకొచ్చారు. నవంబరులో శాసనసభను ప్రత్యేకంగా సమావేశపరిచి గడువును 30 రోజులకు కుదించారు. ఆ తప్పు వల్ల ఒక నిజమూ బయటపడింది: మానసిక సమస్యలున్న పిల్లలతో సతమతమవుతున్న కుటుంబాలకు ఎక్కడా సాయం దొరకడం లేదు.

మనిషి ఎదురుపడి బిడ్డను ఇవ్వడానికీ జంకే తల్లుల కోసం 2016లో ఇండియానా రాష్ట్రంలోని వుడ్‌బర్న్ ఫైర్ స్టేషన్ గోడలో తొలి బేబీ బాక్సు పెట్టారు. బయట తలుపు తెరిచి లోపలి తొట్టెలో బిడ్డను పడుకోబెట్టి తలుపు వేస్తే, ఇక బయటినుంచి అది తెరుచుకోదు. లోపల వేడి, చలి అదుపులో ఉంటాయి. తలుపు తెరవగానే ఒక అలారం, తొట్టెలో బరువు పడగానే ఇంకొకటి సిబ్బందికి అందుతాయి. నిమిషాల్లో లోపలివైపు నుంచి బిడ్డను తీసుకుంటారు. నిజానికి ఈ పద్ధతి పాతదే. ఇటలీ మఠాల గోడల్లో తిరిగే తొట్టెలు మధ్యయుగాల నుంచే ఉండేవి.

పేరు అడగకపోవడానికి మూల్యం బిడ్డ చెల్లిస్తుంది. పెద్దయ్యాక తానెవరి బిడ్డో, వంశంలో ఏ జబ్బులున్నాయో తెలుసుకునే దారి ఉండదు. ఐరాస బాలల హక్కుల కమిటీ ఈ పెట్టెలను వ్యతిరేకించడానికి ఇదే కారణం. దీనికి జర్మనీ ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. 2014 మే నుంచి అక్కడ తల్లి మారుపేరుతో ఆసుపత్రిలో కాన్పు చేయించుకోవచ్చు, ఖర్చు ప్రభుత్వానిదే. అసలు పేరు ఒక్క సలహాదారుకే చెబుతుంది. ఆ సలహాదారు దాన్ని కవరులో పెట్టి సీలు వేస్తుంది. బిడ్డకు 16 ఏళ్లు వచ్చాక ఆ వివరాలు అడగొచ్చు. ఇప్పటివరకు వచ్చిన పద్ధతుల్లో తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ లెక్కలోకి తీసుకున్నది ఇదేనని మా అభిప్రాయం.

ఇక మన సంగతి. ఆడశిశువుల హత్యలను ఆపడానికి 1992లో తమిళనాడులో జయలలిత ప్రభుత్వం సేలంలో ఊయల పథకం మొదలుపెట్టింది. ఎవరూ ఏమీ అడగరు, బిడ్డను ఊయలలో పెట్టి వెళ్లిపోవచ్చు. 2001లో మదురై, తేని, దిండిగల్, ధర్మపురి జిల్లాలకు దాన్ని విస్తరించారు. ఆడపిల్లను వదిలించుకోవడానికి ప్రభుత్వమే దారి చూపిస్తోందన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. కానీ ఊయల లేని ఊళ్లో ఆ బిడ్డ గతేమిటన్న ప్రశ్నకు విమర్శకుల దగ్గర జవాబు లేదు.

సరిగ్గా అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కథ ఇంకో మలుపు తిరిగింది. దేవరకొండ చుట్టుపక్కల లంబాడా తండాల్లో పుట్టిన ఆడపిల్లలను దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని, తల్లిదండ్రుల వేలిముద్రలతో 'స్వచ్ఛందంగా అప్పగించాం' అన్న కాగితం పుట్టించి, విదేశీ దత్తతకు పంపే సంస్థలకు చేర్చారు. 1999లో ఒకసారి, 2001లో మరోసారి ఈ వ్యవహారం బయటపడింది. 2001 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది: పేదరికం, ఎక్కువమంది పిల్లలు, ఆడపిల్ల కావడం లాంటి కారణాలతో కన్నవాళ్లు బిడ్డను అప్పగించడం ఇక చెల్లదు. మాయ కాగితాలను అరికట్టడానికి అది అవసరమే. కాకపోతే నిజంగా దిక్కులేని తల్లి ముందున్న తలుపూ దాంతోపాటే మూసుకుంది.

ఇప్పుడు దేశమంతటా వర్తించేది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. అందులో 35వ సెక్షన్ అప్పగింత గురించే. శారీరక, మానసిక, సామాజిక కారణాల వల్ల పెంచలేని తల్లిదండ్రులు బిడ్డను జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకురావాలి. బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా, దిక్కులేని పసిబిడ్డలను చూసుకునే శిశు గృహకు వెళ్లినా అక్కడికి చేరుస్తారు. మొదట కౌన్సెలింగ్ ఉంటుంది. బిడ్డను తల్లి దగ్గరే ఉంచే వీలుందేమో చూస్తారు. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ లాంటి సాయం గురించి అడగాల్సింది ఇక్కడే. అప్పటికీ కుదరకపోతే కమిటీ ముందే అప్పగింత పత్రం రాస్తారు. పెళ్లికాని తల్లి అయితే ఆమె సంతకం ఒక్కటే చాలు, దాన్ని వీలైతే ఒక్క మహిళా సభ్యురాలి ఎదుటే పెట్టించాలని దత్తత నిబంధనలు చెబుతున్నాయి. పెళ్లైన జంట బిడ్డకు ఇద్దరూ సంతకం చేయాలి. భర్త ఎక్కడున్నాడో తెలియక భార్య ఒక్కతే వస్తే ఆ బిడ్డను వదిలేసిన బిడ్డగా లెక్కిస్తారు. పత్రం రాశాక రెండు నెలలు ఆగుతారు. ఆలోగా మనసు మారితే బిడ్డను వెనక్కి అడగొచ్చు. ఆ తర్వాతే దత్తతకు అర్హత ప్రకటిస్తారు.

ఎక్కువగా చెడేది కమిటీ దాకా రాకముందే. ఆసుపత్రిలో ఆయా, ఆర్ఎంపీ డాక్టర్, 'పిల్లల్లేని మంచి కుటుంబం ఉంది' అనే బంధువు, వంద రూపాయల బాండు పేపరు. నోటరీ ముద్ర ఉన్నా ఆ కాగితానికి విలువ లేదు. డబ్బు చేతులు మారితే 81వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బంది చేయి ఉంటే శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు.

సంతకం అంటే పరువు పోతుందని భయపడేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. బిడ్డను పొదల్లో వదిలేస్తే పోలీసులకు కబురు వెళ్తుంది, తల్లిదండ్రుల కోసం వెతుకులాట మొదలవుతుంది, బిడ్డ ఫొటోతో పత్రికలో ప్రకటన వస్తుంది. కమిటీ ముందు సంతకం చేసి అప్పగిస్తే ఆ ప్రకటన ఉండదు, వెతకాల్సిన పనీ ఉండదు. వివరాలు ఫైల్లో గోప్యంగా ఉంటాయి. అంటే రహస్యం కావాలనుకునే తల్లికి పొదలకంటే కమిటీ గదే నమ్మకమైనది. అమెరికాలోనూ ఈ తెలియకపోవడమే సమస్య. న్యూ మెక్సికోలో చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటాక, 2022 జనవరిలో హాబ్స్ పట్టణంలో ఒక పసిగుడ్డు చెత్తడబ్బాలో దొరికింది.

ఆసుపత్రుల దగ్గర పెట్టే ఊయలల విషయంలోనూ తల్లికి కావాల్సింది రహస్యమే. ఆసుపత్రి గేటు దగ్గర, సెక్యూరిటీ గార్డు కుర్చీ పక్కన, సీసీ కెమెరా కింద వేలాడే ఊయలలోకి అర్ధరాత్రి ఏ తల్లీ రాదు. దాన్ని పక్క దారిలో పెట్టి, లోపలి వార్డులో గంట మోగేలా చేయాలి. బిడ్డ కనబడగానే ఒళ్లు తుడిచి, వెచ్చగా చుట్టి, బొడ్డుతాడు చూసి, నవజాత శిశువుల వార్డుకు పంపాలి. 24 గంటల్లో కమిటీకి తెలియజేయాలి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

పోలీస్ స్టేషన్లలో ఇంకా ఒక పొరపాటు జరుగుతూనే ఉంది. బిడ్డను వదిలితే ఏడేళ్ల వరకు శిక్ష అన్న పాత ఐపీసీ 317 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 93వ సెక్షన్. తల్లి దొరికితే ముందు గుర్తొచ్చేది ఆ సెక్షనే. కానీ వదిలేసిన, అప్పగించిన బిడ్డల విచారణలో కన్న తల్లిదండ్రులపై ఎఫ్ఐఆర్ నమోదు చేయకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 38వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది, వేరే ఏ చట్టంలో ఏమున్నా సరే. చేతకాని పరిస్థితిలో వదిలితే అది కావాలని చేసిన పని కాదని భావించాలని 75వ సెక్షన్ కూడా అంటోంది. ఈ రెండు సెక్షన్లనూ తెలుగులో రాసి ప్రతి కాన్పుల వార్డు గోడకు, ప్రతి స్టేషన్ రైటరు బల్లకు ఎదురుగా అతికించడానికి కొత్త చట్టమూ అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు.