కంప్యూటర్‌గాడికి పగ లేదర్రా

చిరంజీవులు చిన్నాకి, బుజ్జికి,

తాత ఆశీస్సులు. మొన్న ఆదివారం ఫోన్లో మీరిద్దరూ చేసిన గోల ఇంకా చెవుల్లోనే ఉంది. "తాతా, కంప్యూటర్‌గాడు మోసం చేస్తున్నాడు, నేను కొడితే మూడు దెబ్బలూ తప్పుతాయి, వాడు కొడితే మూడూ తగులుతాయి" అని చిన్నా. పక్కనుంచి బుజ్జి "అది కాదు తాతా, వాడికి నా మీద పగ, అన్నయ్యని వదిలేసి ఎప్పుడూ నా మీదికే వస్తాడు" అని. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, ఉత్తరం రాస్తానన్నాను కదా, ఇదిగో.

వేసవి సెలవుల్లో మీరు నా లాప్‌టాప్‌లో ఎక్కించి వెళ్లిన బ్యాటిల్ ఫర్ వెస్నాత్ అనే యుద్ధం ఆటని (గడుల మీద వంతులవారీగా సైన్యాల్ని కదిపే ఆట) నేను మీరనుకున్నదానికంటే చాలా ఎక్కువే ఆడాను. (అమ్మమ్మకి చెప్పకండి. ఆవిడకి తెలుసనుకోండి, అయినా చెప్పకండి.) డేవిడ్ వైట్ అనే ఆయన 2003లో మొదలుపెట్టిన ఆట అది. డబ్బులు తీసుకోరు, పైగా ప్రోగ్రామంతా బయటే పెట్టారు, ఓపికున్నవాళ్లెవరైనా తెరిచి చదువుకోవచ్చు. ముప్పై ఏళ్లు బ్యాంకులో లెడ్జర్లు చూసినవాణ్ని, గెలుపోటములకన్నా లోపల లెక్క ఎలా రాశారో చూడాలని నాకు దురద. చూశాను. అందులో ఎక్కడా పగ అనే పద్దు లేదు.

ఉన్నదేమిటో చెబుతాను. తన టర్న్ (వంతు) రాగానే కంప్యూటర్‌గాడి ముందు కొన్ని పనులుంటాయి, ఒక్కో పనికీ ఒక్కో మార్కు. కొట్లాటకి 1,00,000. ఊరు పట్టుకోవడానికి 60,000. చేసేదేం లేనప్పుడు శత్రువు వైపు నాలుగడుగులు నడవడానికి 20,000. అన్నిటికన్నా పెద్ద మార్కున్న పని ఇప్పుడు కుదురుతుందా అని చూస్తాడు, కుదిరితే అది చేస్తాడు, చెయ్యగానే మళ్లీ మొదటికొచ్చి అన్నీ కొత్తగా లెక్కేస్తాడు. ఇందాక ఏం చేశాడో, ఎందుకు చేశాడో వాడికి అనవసరం. మా బ్యాంకులో ఒకాయన ఉండేవాడు, బల్లమీద దొంతర్లో పైనున్న ఫైలు తీసేవాడు, సంతకం పెట్టేవాడు, మళ్లీ పైనున్నది తీసేవాడు, కిందున్న ఫైలుకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందేమో అని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. అచ్చం అలాగే.

ఇప్పుడు బుజ్జి సంగతి. ఎవర్ని కొట్టాలో తేల్చుకునేటప్పుడు వాడు చూసేది, ఆ మనిషిని తయారుచెయ్యడానికి ఎంత బంగారం పట్టింది, చచ్చే అవకాశం ఎంత, కొట్టబోయి తనవాడు పోతే తనకి ఎంత నష్టం. చిన్నా ముందు వరసలో నిలబెట్టేది ఈటెవాణ్ని, ఖరీదు 14, ప్రాణం 36. నువ్వేమో తల్లీ, చూడ్డానికి బావుందని ఆ మంత్రగాణ్ని తీసుకెళ్లి అందరికన్నా ముందు పెడతావు. వాడి ఖరీదు 20, ప్రాణం 24, మీదపడి పొడిచేవాడికి ఎదురు కొట్టాలంటే చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. ఎక్కువ ఖరీదు, తక్కువ ప్రాణం, ఎదురుదెబ్బ భయం తక్కువ. కంప్యూటర్‌గాడి స్థానంలో నేనున్నా నీ మీదికే వస్తాను. ఆ తెరమీద బుజ్జీ లేదు, అన్నయ్యా లేడు, ఇద్దరి సైన్యమూ వాడికి ఒక్కటే, ఖరీదు చీటీలు తగిలించుకున్న బొమ్మలు.

తన నష్టాన్ని ఎంత పట్టించుకోవాలో చెప్పే అంకె ఒకటుంది, దూకుడు అనుకోండి. మామూలుగా అది 0.4. అంటే తనవాడు పోతే నష్టంలో నూటికి 60 వంతులే లెక్కలోకి తీసుకుంటాడు, మిగతా 40 గాలికి. అదే 1 చేశారనుకోండి, తనవాళ్లు ఎంతమంది పోయినా లెక్కే చెయ్యడు. ధైర్యం అని మీరనుకున్నది ఆ ఒక్క అంకె. జాగ్రత్తకీ ఒక అంకె ఉంది, అది 0.25.

మా చిన్నప్పుడు రామాలయం అరుగు మీద సుద్దముక్కతో పులి-మేక గీసుకుని ఆడేవాళ్లం. మూడు పులులు, పదిహేను మేకలు. పులి పక్కనున్న మేక మీంచి అవతలి ఖాళీలోకి దూకిందా, ఆ మేక పోయినట్టే. మేకలు దూకలేవు, పులి కదలకుండా చుట్టూ మూసెయ్యడమే వాటి పని. నాకు ఎప్పుడూ పులులే కావాలి, కనిపించిన మేకనల్లా దూకి తినేసేవాణ్ని, నాలుగు మేకలు జేబులో వేసుకుని మురిసిపోతుండగా మా తాత ఇంకో మేకని జరిపి "ఇప్పుడు కదులు" అనేవాడు. కదలడానికి దారి ఉండేది కాదు. ఆ నాలుగు మేకల్నీ ఆయన కావాలనే ఇచ్చాడని నాకు తెలియడానికి రెండు వేసవులు పట్టింది. వెస్నాత్‌లో మన కంప్యూటర్‌గాడు ఆ రెండు వేసవులూ దాటని పిల్లాడు. మేక కనిపిస్తే దూకుతాడు.

అందుకని ఏం చెయ్యాలంటే, ఏటి ఒడ్డున కోటలోనో ఊళ్లోనో ఒక ఈటెవాణ్ని నిలబెట్టండి, మిగతావాళ్లని వెనక్కి లాగండి. కోటలో నిలబడ్డ మనిషికి దెబ్బ తగిలే అవకాశం నూటికి 40. లోతు తక్కువ నీళ్లలో నిలబడ్డవాడికైతే 80. ఒంటరివాడు దొరికాడు కదా అని వాడి దండులో ముగ్గురో నలుగురో నీళ్లలోకి దిగి కొడతారు, మీ టర్న్ రాగానే ఆ నీళ్లలో వాళ్లని మీ దండంతా కలిసి చూసుకోవచ్చు. వాడు నేల ఎలాంటిదో అసలు చూడడని కాదు, చూస్తాడు, కానీ వచ్చే టర్న్‌లో మీరేం చేస్తారన్నది వాడి లెక్కలో సరిగ్గా ఉండదు. ఓర్క్‌లకి (ఆటలో రాక్షసుల్లాంటి జాతి) రాత్రి బలం 25 శాతం పెరుగుతుంది, పగలు అంతే తగ్గుతుంది కదా, నిజంగా ఆలోచించేవాడైతే చీకటి పడేదాకా ఆగుతాడు. వీడు మధ్యాహ్నం ఎండలో ఒక్కొక్కణ్నీ పంపిస్తాడు, దూరంగా తయారైనవాడు దూరంనుంచి, దగ్గరవాడు దగ్గర్నుంచి, పెళ్లివారు విడతలు విడతలుగా దిగినట్టు. వాడికి లేనిది ఆగడం.

అలాగని తీసిపారెయ్యకండి. ఒక్క టర్న్ లోపలి లెక్కలో వాడు మనకంటే దిట్ట. మీ మనిషి ఒకణ్ని ఇద్దరు కొడితే చస్తాడా ముగ్గురు కావాలా, ఏ గడిలోంచి కొడితే లాభం, ఇవన్నీ కన్నుమూసి తెరిచేలోగా శాతాలతో సహా తేల్చేస్తాడు. ఒక మూల ఖాళీ వదిలారా, అక్కడ్నుంచే వస్తాడు. ఈమధ్య కూర్పుల్లో దెబ్బతిన్నవాణ్ని వెనక్కి తియ్యడం కూడా కాస్త నేర్పారు.

చదరంగంలో కంప్యూటర్ ప్రపంచ ఛాంపియన్‌నే ఓడించింది కదా తాతా, ఇందులో ఇంత మొద్దేమిటి అంటారు. మంచి ప్రశ్నే. 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ అనే కంప్యూటర్ క్షణానికి 20 కోట్ల స్థితులు చూసేది. చదరంగంలో ఒక టర్న్‌కి ఒకటే పావు కదులుతుంది, సగటున 35 రకాల ఎత్తులుంటాయేమో. యుద్ధం ఆటలో మీ టర్న్‌లో మీ సైన్యమంతా కదలొచ్చు. పదిమంది ఉన్నారు, ఒక్కొక్కరు ఇరవై చోట్లకి వెళ్లగలరు అనుకోండి, 20ని పదిసార్లు గుణించండి, 10 లక్షల కోట్లు దాటుతుంది. ఎవరు ముందు కదలాలి ఎవరు తర్వాత అన్నదాంట్లోనే 36,28,800 వరసలున్నాయి. ఇదంతా ఒక్క టర్న్‌కి. దానికి మీ జవాబు, దానికి వాడి జవాబు అంటూ పోతే మీకు భోజనం వేళైపోతుంది. ఆట రాసేవాళ్లకి కావలసింది రెండు మూడు క్షణాల్లో కదిలే శత్రువు, అందుకే ముందుచూపు వదిలేసి మార్కుల పద్ధతి పెట్టారు. నన్నడిగితే న్యాయమే.

మరి "కష్టం" అని ఎంచుకుంటే వాడికి తెలివి పెరగదా? చాలా ఆటల్లో పెరగదర్రా, డబ్బు పెరుగుతుంది. వెస్నాత్‌లో కథలాగా సాగే యుద్ధాల్లో స్థాయి పెంచితే ఎక్కువగా మారేది వాడి బంగారమూ సైన్యమూ. సివిలైజేషన్ అని ఊళ్లు కట్టి రాజ్యం పెంచుకునే ఇంకో ఆట ఉంది, దాని ఆరో భాగంలో ఇది ఇంకా బాహాటం. ప్రిన్స్ అనే స్థాయిలో మీరూ వాడూ సమానం. అన్నిటికన్నా పైదైన డీటీకి వెళ్తే మీరు ఒక ఊరు కట్టేవాడితో మొదలుపెడితే వాడు ముగ్గురితో మొదలుపెడతాడు, పైగా యుద్ధంలో వాడి బలానికి 4 కలుపుతారు. అదే బుర్ర, సంచి పెద్దది. మీరు దీన్ని మోసం అంటే నేను ఒప్పుకుంటాను, కానీ దొంగచాటు మోసం కాదు, ముందే చెప్పి చేసేది.

సివిలైజేషన్ అన్నాక మన గాంధీగారి కథ చెప్పకుండా ఎలా. 1991లో వచ్చిన మొదటి ఆటలో గాంధీ దూకుడు అంకె 1 అని, ప్రజాస్వామ్యం రాగానే అందులోంచి 2 తీసేస్తే సున్నా కింద అంకెలు లేక తిరగబడి పై కొసనున్న 255 అయిందని, దాంతో ఆయన అందరిమీదా అణుబాంబులు వేసేవాడని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. నేనూ నమ్మాను, నలుగురికి చెప్పాను కూడా. తీరా ఆ ఆట చేసిన సిడ్ మియరే 2020లో తన జ్ఞాపకాల పుస్తకంలో అలాంటి తప్పేదీ అందులో లేదని రాశాడు. తమాషా ఏమిటంటే 2010లో వచ్చిన ఐదో భాగంలో మాత్రం గాంధీకి అణుబాంబుల ఇష్టం పదికి పన్నెండు పెట్టారు, సరదాకి, కావాలనే. మనిషి ఎవరైనా లోపలున్నది అంకే.

చిన్నా, నీ మూడు దెబ్బల దగ్గరికి వస్తున్నాను. ఎదుటివాడు మామూలు గడ్డినేల మీద ఉంటే నీ ఈటెవాడి దెబ్బ తగిలే అవకాశం నూటికి 60. మూడూ తప్పే అవకాశం 0.4ని మూడుసార్లు గుణిస్తే వస్తుంది, 0.064. వంద కొట్లాటల్లో ఆరు. మీరిద్దరూ ఒక్క సాయంత్రంలో ఎన్ని కొట్లాటలు చేస్తారో నేను చూశాను, అందులో ఇలాంటివి నాలుగైదు రాకపోతేనే అనుమానించాలి. నువ్వు కోటలో ఉండగా వాడి మూడు దెబ్బలూ నీకు తగిలే అవకాశం కూడా సరిగ్గా అదే 0.064. రెండువైపులా పడేది ఒకే పాచిక. నీ మూడు దెబ్బలూ తగిలిన రోజున నువ్వు ఫోన్ చెయ్యలేదు మరి.

ఇది నీ ఒక్కడి జబ్బూ కాదు. 2010లో ఆటలు తయారుచేసేవాళ్ల సభలో ఆ సిడ్ మియరే చెప్పాడు, మూడుకి ఒకటి మొగ్గు (నాలుగింట మూడుసార్లు గెలిచే అవకాశం) తమవైపు ఉన్నప్పుడు ఓడితే జనం మండిపడతారట, అదే ఒకటికి మూడుతో గెలిస్తే మాత్రం నోరెత్తరట. చివరికి జనం ఏడుపు పడలేక ఆట లెక్కనే కొంచెం మార్చుకున్నారు. 2012లో వచ్చిన ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్ అనే యుద్ధం ఆటలో తేలిక స్థాయిల్లో తెరమీద చూపే శాతం కన్నా లోపల ఆటగాడికి కాస్త ఎక్కువే కలుపుతారు. అంటే చూపినదొకటి, చేసేదొకటి. మోసం జరిగింది, మన పక్షాన. దాని గురించి మాత్రం ఏ మనవడూ తాతకి ఫోన్ చెయ్యడు.

సరే, ఈ ఉత్తరంతోపాటు నా సేవ్ ఫైలు ఒకటి మీ నాన్నకి పంపిస్తున్నాను. ఏటి ఒడ్డు, ఇవతల కోటలో నా ఈటెవాడు ఒక్కడే, అవతల ఆరుగురు ఓర్క్‌లు, తెల్లవారుతోంది. ఏదీ కదపకుండా టర్న్ ముగించండి. ఆరుగురిలో ఎందరు నీళ్లలోకి దిగారో రాసి పంపండి, నేను నలుగురని కాగితం మీద రాసి మడతపెట్టి అమ్మమ్మ చేతికిచ్చాను. బుజ్జీ, ఈసారి మంత్రగాణ్ని వెనక పెట్టు.

ఇట్లు,
మీ తాత