సెల్ఫ్ తీసుకోకపోతే బ్యాటరీ పోయినట్టేనా? స్కూటర్ బ్యాటరీలపై అపోహలు - వాస్తవాలు

మొన్న సోమవారం పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి ఒకావిడ స్కూటర్ నెట్టుకుంటూ వచ్చారు. ఆసుపత్రిలో నర్సు. నైట్ డ్యూటీ దిగి బయటికొస్తే సెల్ఫ్ తీసుకోలేదట. కిక్కు కొట్టీ కొట్టీ కాలు వాచిందట. "అన్నా, ఖరీదు ఎక్కువైనా పర్లేదు, మంచి బ్యాటరీ ఇవ్వు. పద్నాలుగు నెలల్లో ఇప్పటికే రెండు మార్చాను" అన్నారు. గొంతు పూడుకుపోయి ఉంది.

లోపలున్న బ్యాటరీ తీయబోతే పెట్టెలోంచి రాలేదు. పక్కలు ఉబ్బి ఇరుక్కుపోయింది. అది చూడగానే సగం సంగతి అర్థమైంది. నా దగ్గరున్న మంచి బ్యాటరీ ఒకటి తాత్కాలికంగా బిగించి, బండి స్టార్ట్ చేసి, టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెట్టాను. యాక్సిలరేటర్ కొంచెం తిప్పగానే 15.7 వోల్టులు చూపించింది. ఉండాల్సింది పద్నాలుగు, మహా అయితే పద్నాలుగున్నర. ఆర్ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్) పోయింది. వోల్టేజీని అదుపులో పెట్టాల్సిన ఆ చిన్న డబ్బా ఆ పని మానేస్తే, బండి నడిచినంతసేపూ బ్యాటరీ లోపల ఉడుకుతూనే ఉంటుంది. ఆవిడ కొన్న రెండు బ్యాటరీలనూ చంపింది అదే. నేను ఇంకోటి అమ్మి పంపిస్తే దాన్నీ చంపేది. ముందు అమ్మినవాళ్లు ఒక్కసారి మీటర్ పెట్టి ఉంటే ఆవిడ డబ్బులు మిగిలేవి.

ఖమ్మంలో ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. జనం జేబుకు ఎక్కువ చిల్లు పెడుతున్న అపోహ ఏదంటే ఇదే చెబుతాను.

అపోహ: సెల్ఫ్ తీసుకోవట్లేదంటే బ్యాటరీ మార్చాల్సిందే.

కాదు. ముందు హారన్ కొట్టి చూడండి. హారన్ గట్టిగా మోగుతూ, ఇండికేటర్లు బాగా వెలుగుతూ, సెల్ఫ్ నొక్కితే మాత్రం ఏ చప్పుడూ రాకపోతే అనుమానించాల్సింది బ్యాటరీని కాదు. చాలా స్కూటర్లలో బ్రేక్ పట్టుకుంటేనే సెల్ఫ్ పనిచేస్తుంది. ఆ బ్రేక్ లివర్ దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది. వానకు తడిసో, దుమ్ము పట్టో అది పనిచేయడం మానేస్తే సెల్ఫ్ మూగబోతుంది. బ్రేక్ పట్టినప్పుడు వెనక లైటు వెలగట్లేదంటే దాదాపు అదే. కొత్త మోడళ్లలో సైడ్ స్టాండ్ స్విచ్ కూడా తోడైంది. స్టాండ్ పూర్తిగా పైకి లేవకపోయినా, ఆ స్విచ్‌లో బురద చేరినా బండి స్టార్ట్ కాదు. ఈ స్విచ్‌లు వంద, రెండు వందల రూపాయల వ్యవహారం. నేను కొత్తగా షాపు పెట్టినప్పుడు ఒక రిటైర్డ్ మాస్టారికి స్విచ్ చూడకుండానే బ్యాటరీ అమ్మాను. ఆయన పెన్షన్ డబ్బులు. మర్నాడు మళ్లీ బండి నెట్టుకుంటూ వచ్చారు. నన్నొక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి మీటర్ పెట్టకుండా ఎవరికీ బ్యాటరీ అమ్మలేదు.

హారన్ నీరసంగా ఉండి, సెల్ఫ్ నొక్కగానే డాష్‌బోర్డు లైట్లు మసకబారితే అప్పుడు బ్యాటరీ వైపు చూడాలి. అప్పుడు కూడా చార్జ్ దిగిపోవడం వేరు, బ్యాటరీ చచ్చిపోవడం వేరు. టెర్మినల్ స్క్రూ లూజైనా, తెల్లటి తుప్పు పట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది. ముందు అది బిగించి, శుభ్రం చేయించండి.

ఆ తర్వాత పరీక్ష పది నిమిషాల పని. రాత్రంతా ఆగి ఉన్న బండిలో మంచి బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టుల మధ్య చూపించాలి. 12 దగ్గరికి వచ్చిందంటే చార్జ్ దాదాపు అయిపోయినట్టు. తీసి నెమ్మదిగా చార్జ్ పెట్టాలి. 3 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీకి 0.3 ఆంపియర్ల చొప్పున పది, పన్నెండు గంటలు. కారు బ్యాటరీల చార్జర్‌కు తగిలించి గంటలో ఇచ్చేస్తాం అనేవాళ్ల దగ్గర పెట్టకండి, ఇంత చిన్న బ్యాటరీ ఆ కరెంటును తట్టుకోలేదు. చార్జ్ నిండాక సెల్ఫ్ నొక్కుతూ మీటర్ చూడాలి. వోల్టేజీ పది కంటే బాగా కిందికి పడిపోతుంటే అప్పుడు బ్యాటరీ పోయింది, మార్చండి. పడకపోతే బ్యాటరీ బాగానే ఉంది, చార్జ్ ఎందుకు దిగిందో వెతకాలి. చివరగా ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. కొంచెం రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ సరిగ్గా ఉన్నట్టు. 13 కూడా దాటకపోతే చార్జింగ్ అందట్లేదు. 15 దాటితే ఆ నర్సమ్మ బండి కథే.

2020 లాక్‌డౌన్ సడలించిన రోజుల్లో షాపు ముందు బండ్లు బారులు తీరాయి. రెండు నెలలు కదలని స్కూటర్లు మరి. అందరికీ అదే టెన్షన్, అసలే పనుల్లేని రోజుల్లో ఈ ఖర్చొకటని. చాలా బ్యాటరీలు ఒకటి రెండు రోజుల స్లో చార్జింగ్‌తో లేచి కూర్చున్నాయి. లేవనివీ ఉన్నాయి, పూర్తిగా దిగిపోయి వారాల తరబడి అలాగే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. అందుకే బండి నెలల పాటు వాడకపోతే నెగెటివ్ వైరు తీసి ఉంచమని చెబుతాను.

చార్జ్ దిగడానికి ఇంకో కారణం ఈమధ్య ఎక్కువగా కనిపిస్తోంది. బండి పోతుందన్న భయంతో జీపీఎస్, అలారం బిగిస్తున్నారు. భయం న్యాయమైనదే. కానీ లెక్క చూడండి: అది 30 మిల్లీ ఆంపియర్లు తాగుతుంటే 3 ఏహెచ్ బ్యాటరీ నూరు గంటల్లో, అంటే నాలుగు రోజుల్లో ఖాళీ. వారానికోసారి తీసే బండికి అలాంటిది పెడితే ఏ కంపెనీ బ్యాటరీ అయినా నిలవదు.

అపోహ: ఏహెచ్ ఎంత ఎక్కువైతే అంత మంచిది.

"పాత బండికి 5 ఉండేది, ఇప్పుడు 3 ఇచ్చి కంపెనీ మోసం చేసింది" అని రోజూ వింటాను. మోసం కాదు. ఆ పాతవి నీళ్లు పోసే రకం. ఇప్పటి సీల్డ్ బ్యాటరీ చిన్నదైనా సెల్ఫ్‌కు కావాల్సిన కరెంటును ఒక్కసారిగా ఇవ్వగలదు. పెద్దది పెడితే ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్, కాలిపోతుందన్న పుకారు కూడా తప్పే. బండికి ఎంత కావాలో అంతే తీసుకుంటుంది. అసలు ఇబ్బంది వేరే ఉంది. పెద్దది పెట్టెలో పట్టదు, పట్టించడానికి ట్రే కోస్తారు, క్లాంప్ పీకేస్తారు. అప్పుడు బ్యాటరీ గుంతల్లో ఊగి ఊగి లోపల ప్లేట్లు దెబ్బతింటాయి. బండి మాన్యువల్‌లో ఉన్న ఏహెచ్, పాతదాని సైజు, ప్లస్, మైనస్‌లు ఏ పక్కన ఉన్నాయో చూసి అదే తీసుకోండి. ఆ పక్కలు మారితే వైరు అందక లాగి బిగిస్తారు, లేదంటే తిరగేసి బిగిస్తారు. తిరగేస్తే ఫ్యూజుతో పోతే అదృష్టం. ఈసీయూ దాకా వెళ్తే ఖర్చు వేలల్లో ఉంటుంది.

అపోహ: కిక్కు ఉంది కదా, బ్యాటరీ లేకపోయినా నడుస్తుంది.

కార్బురేటర్ రోజుల్లో నిజం. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చాక స్కూటర్లన్నీ దాదాపు ఫ్యూయల్ ఇంజెక్షనే. పెట్రోల్ పంపు, ఈసీయూ పనిచేయాలంటే బ్యాటరీలో కొంత చార్జ్ ఉండాలి. అది లేకపోతే ఎన్ని కిక్కులు కొట్టినా కాలు నొప్పే మిగులుతుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "చార్జింగ్ టెస్ట్" చేసే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. మీ బండి మీద చేయనివ్వకండి, ఒక్కసారిగా వోల్టేజీ ఎగిరి ఎలక్ట్రానిక్స్ పోతాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సీల్డ్ బ్యాటరీ మూత పీకి డిస్టిల్డ్ వాటర్ పోస్తే బాగుపడదు, వారంటీ పోతుంది. నేల మీద పెడితే చార్జ్ దిగిపోదు. చలికాలం పొద్దున మొరాయిస్తే చలినే తిడతారు గానీ, అసలు దెబ్బ మా ఊరి ఏప్రిల్, మే ఎండల్లోనే తగిలి ఉంటుంది, చలికి బయటపడుతుంది.

కొనేటప్పుడు బ్యాటరీ మీద తయారీ తేదీ ఎక్కడుందో అడిగి చూడండి. ఆరు నెలలుగా అరలో ఉన్నదైతే చార్జ్ పెట్టి ఇవ్వమనండి. బిగించే ముందు వోల్టేజీ మీ కళ్ల ముందే చూపించమనండి. మంచి షాపువాడు కాదనడు. వారంటీ 48 నెలలు అని రాసి ఉంటే అన్ని నెలలూ ఉచితంగా మారుస్తారని కాదు. సాధారణంగా మొదటి భాగంలో కొత్తది ఇస్తారు, తర్వాతి భాగంలో ధరలో కొంత తగ్గిస్తారు. ఏ భాగం ఎన్ని నెలలో కార్డు మీద చదువుకోండి, బిల్లూ కార్డూ రెండింటి మీదా తేదీ, షాపు ముద్ర వేయించండి. పాత బ్యాటరీని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి, సీసానికి విలువ ఉంది, ధరలో తగ్గుతుంది. ఇంట్లో మూల పడేస్తే పిల్లలు ముట్టుకుంటారు, అందులో ఉన్నది యాసిడ్.

నర్సమ్మ బండికి ఆర్ఆర్ యూనిట్ మార్చి, కంపెనీ చెప్పిన 3 ఏహెచ్ బ్యాటరీనే బిగించాను. రేజ్ చేసి మీటర్ ఆవిడకే చూపించాను, 14.2. నెల తర్వాత ఒకసారి మళ్లీ వచ్చి చూపించమన్నాను. డబ్బులేమీ అక్కర్లేదు, మీటర్ పెట్టడం రెండు నిమిషాలు.