చెట్టు బరువు ఎక్కడి నుంచి వచ్చింది? కొన్ని అపోహలు, వాస్తవాలు

జీవశాస్త్రం పాఠాలు చెబుతాను. కొత్త బ్యాచ్ రాగానే నేనడిగే మొదటి ప్రశ్న ఇదే, దాదాపు అందరూ "మట్టిలోంచి" అనేస్తారు.

అపోహ: మొక్కకు తిండి మట్టి పెడుతుంది.
17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన తూకం వేసిన మట్టిలో విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. మొక్క సుమారు 2.3 కిలోల నుంచి 76 కిలోలకు పెరిగితే, మట్టి తగ్గింది 60 గ్రాముల లోపే. దాంతో చెట్టంతా నీళ్లే అని తేల్చేశాడు, పాపం. నిజానికి ఎండిన చెక్క బరువులో ఎక్కువ భాగం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌దే. ఎండలోని శక్తితో దాన్నీ నీటినీ కలిపి మొక్క చక్కెర చేసుకుంటుంది. నైట్రోజన్, పొటాషియం మట్టి నుంచి కావాలి, కానీ అవి శక్తినివ్వవు. అందుకే ఎరువును "మొక్కల ఆహారం" అంటే నాకు చిరాకు.

అపోహ: మొక్కలు రాత్రి మాత్రమే శ్వాసిస్తాయి.
పగలూ శ్వాసిస్తాయి. కిరణజన్య సంయోగక్రియ జోరులో అది బయటికి తెలియదు, అంతే.

అపోహ: ఎండ లేనిచోట జీవం ఉండదు.
1977లో గాలపాగస్ దీవుల దగ్గర, సుమారు 2,500 మీటర్ల లోతున, ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగినవాళ్లకు వేడినీటి ఊటల చుట్టూ జీవుల గుంపులు కనిపించాయి. అక్కడి పెద్ద గొట్టపు పురుగులకు నోరూ లేదు, పేగూ లేదు! ఒంట్లో ఉండే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి, అదే కుళ్లిన గుడ్ల కంపు కొట్టే గ్యాస్ నుంచి, శక్తి తీసి వాటిని పోషిస్తుంది. అయితే అందుకు వాడే ఆక్సిజన్ పైన వెలుగులో తయారైందే, కాబట్టి సూర్యుడితో పూర్తిగా తెగతెంపులు అయినట్టు కాదు.

అపోహ: ఒంటె మూపురంలో నీళ్లుంటాయి.
కొవ్వు ఉంటుంది.

అపోహ: అవసరం వస్తే జంతువు తన శరీరాన్ని మార్చుకుంటుంది.
ఇది వదిలించడమే కష్టం, ఎందుకంటే మన మాటతీరే అలా ఉంటుంది. అదే 1977లో, అదే గాలపాగస్‌లోని డాఫ్నీ మేజర్ దీవిలో కరువొచ్చింది, అక్కడి ఫించ్ పిట్టల్ని పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు ఏళ్ల తరబడి కొలుస్తూ ఉన్నారు. మెత్తటి చిన్న గింజలు అయిపోయి, గట్టివే మిగిలాయి. పెద్ద ముక్కు పిట్టలు వాటిని పగలగొట్టుకుని బతికాయి, మిగతావాటిలో చాలా వరకు చనిపోయాయి. తర్వాతి తరంలో సగటు ముక్కు పెద్దదైంది, కానీ ఒక్క పిట్ట కూడా తన ముక్కును పెంచుకోలేదు. 1983లో వానలు దంచికొట్టి చిన్న గింజలు పెరిగిపోయాక, ఈసారి చిన్న ముక్కులకే కలిసొచ్చింది.