పురానాపుల్‌ని కింద నుంచి చూడాలి

చిన్నూ, బంగారూ,

మొన్న ఆటోలో కొత్త వంతెన మీద వస్తుంటే, పక్కనున్న పాతదాన్ని చూపించి "తాతా, అది ఇంకా ఎందుకు కూలలేదు?" అని అడిగారు. ఆ ట్రాఫిక్ గోలలో చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఆ పాత వంతెనే పురానాపుల్. దాన్ని 1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించాడు. మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఆయన్నే. అప్పటికి చార్మినార్ లేదు, అసలు హైదరాబాదే లేదు. ఊరు వెలిసింది 1591లో. ప్రియురాలు భాగమతి కోసం మూసీకి ఎదురీదిన కొడుకును చూసి తండ్రి భయపడి కట్టించాడని కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, ఆ రాకుమారుడికి అప్పుడు పన్నెండు, పదమూడేళ్లే! గోల్కొండ కిక్కిరిసిపోయింది, మచిలీపట్నం రేవుకు సరుకులు పోవాలి, ఏరు దాటే దారి కావాలి. నాకు తోచే కారణం ఇదే.

ఇక మీ ప్రశ్న. దానికి 22 కమానులు. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతూ ఉంటుంది. పైన బరువు పడేకొద్దీ ఇంకా బిగుసుకుంటాయి. ఇనుము అక్కర్లేదు. వరదొస్తే ఆ 22 ఖాళీల్లోంచి నీళ్లు వెళ్లిపోతాయి. అలాగని దెబ్బ తినలేదని కాదు. 1820 వరదకు దెబ్బతింటే నిజాం సికందర్ జా బాగు చేయించాడు. 1908 సెప్టెంబరులో వేలమందిని మింగిన వరదకు తక్కిన వంతెనలు పాడైనా, ఏరు దాటడానికి ఇదే మిగిలింది. ఆ తర్వాతే వరదను ఆపడానికి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టారు.

వరద కంటే నాకు రావి మొక్కంటేనే భయం. కాకి వేసిన గింజ రాళ్ల సందులో మొలుస్తుంది. పైన కోసేస్తే లాభం లేదు, వేరు లోపల లావెక్కి రాయిని తోసేస్తుంది. చిన్నప్పుడే వేరుతో సహా లాగాలి. లాగిన సందులో సిమెంటు కొట్టకూడదు. పాత గోడలో సిమెంటు మరీ గట్టి, తేమను లోపలే బంధిస్తుంది, రాయి అంచులు రాలతాయి. గానుగలో ఆడించిన సున్నం మెత్తనిది. తేమను బయటికి వదులుతుంది, బీట పడినా రాయిలో కాక తనలో పడుతుంది. ఒకప్పుడు మా వీధి మేస్త్రీ ఒకాయన పాత గోడకు సిమెంటు పూసి మురిసిపోయాడు. రెండు వానాకాలాలకే పెచ్చులు లేచాయి.

అన్నిటికంటే ముందు కమానుల్లో చెత్త పడకూడదు. నీటికి దారి మూసేస్తే అది పునాది పక్క మట్టిని తవ్వుకుపోతుంది.

సెలవులకు రండి. పైన కూరగాయలమ్మేవాళ్ల దగ్గర కొత్తిమీర కొని, ఒడ్డు నుంచి కమానులు లెక్కపెడదాం. నాకు ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తుంది.

మీ తాతయ్య