ఆ దశమికీ మన దశమికీ మధ్య ఒక చెట్టు

వినాయక చవితికీ నిమజ్జనానికీ మధ్యలో భాద్రపద శుద్ధ దశమి వస్తుంది. హైదరాబాద్‌లో ఆ రోజు ఎవరికీ గుర్తుండదు, అందరం ఖైరతాబాద్ గణేశుడి క్యూలోనో, ట్రాఫిక్‌లోనో ఉంటాం. అదే రోజు రాజస్థాన్‌లో, జోధ్‌పూర్‌కి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖేజర్లీ అనే ఊళ్లో జనం పెద్ద ఎత్తున కలుస్తారు. అక్కడ 363 మంది జ్ఞాపకంగా చెట్లు నాటి పెంచుకున్న వనం ఒకటి ఉంది. ఆ ఊరికి పేరిచ్చిన చెట్టు ఖేజ్డీ. మన భాషలో జమ్మి. రాజస్థాన్‌కీ తెలంగాణకీ కూడా రాష్ట్ర వృక్షం అదే. సరిగ్గా నెల తిరిగేసరికి దసరా దశమి నాడు ఆ చెట్టు ఆకునే మనం పెద్దవాళ్ల చేతిలో పెట్టి, బంగారం అని చెప్పి, కాళ్లకు దణ్ణం పెడతాం.

1730లో జోధ్‌పూర్ రాజు అభయ్ సింగ్ కొత్త మహల్ కట్టడానికి సున్నం కావాలన్నాడు. సున్నపురాయి సున్నంగా మారాలంటే బట్టీలో వేడి దాదాపు 900 డిగ్రీలకు చేరాలి, రాయిలోని కార్బన్ డయాక్సైడ్ అంతా బయటికి పోయేదాకా ఆ వేడి తగ్గకుండా నిలవాలి. దానికి గట్టి కట్టె కావాలి, ఆ ఎడారిలో గట్టి కట్టె అంటే జమ్మే. రాజు మనుషులు గొడ్డళ్లతో ఖేజర్లీకి వచ్చారు. అది బిష్ణోయిల ఊరు, చెట్టునీ జంతువునీ కాపాడటం మతంగా పాటించే జనం. 1485లో వాళ్ల గురువు జాంభోజీ పెట్టిన 29 నియమాల్లో పచ్చని చెట్టు నరకకూడదన్నది ఒకటి. అమృతాదేవి అనే ఇల్లాలు చెట్టును వాటేసుకుంది. తల తెగినా చెట్టు నిలిస్తే అది చవక బేరమే అని ఆమె అన్నట్టు అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమెను నరికారు, తర్వాత ఆమె ముగ్గురు కూతుళ్లను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఒక్కొక్కరే వచ్చి చెట్లను పట్టుకున్నారు. లెక్క 363కి చేరాక రాజు ఆపించాడు.

చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఇది మత విశ్వాసం కథే, కాదనను, కానీ ఆ చెట్టు వాళ్లకు ఏం చేస్తుందో తెలుసుకుంటే కథ ఇంకా బరువెక్కుతుంది.

జోధ్‌పూర్‌లో ఏడాదికి పడే వాన మన హైదరాబాద్ వానలో సగం కూడా ఉండదు. అక్కడ రైతులు పొలం మధ్యలో జమ్మి చెట్లను అలాగే ఉంచి సజ్జ వేస్తారు. మామూలుగా చెట్టు నీడలో పంట ఎదగదు కదా, ఇక్కడ చెట్టు కింద ఉన్న సజ్జే ఇంకా బాగా పండుతుంది. తల్లివేరు నేలలోకి ముప్ఫై మీటర్ల దాకా కూడా దిగుతుంది కాబట్టి పైపొరలో ఉన్న నీటి కోసం సజ్జ వేళ్లతో పోటీ పడదు. చిక్కుడు కుటుంబం చెట్టు, వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. ఆకులు సన్నగా చిన్నగా ఉంటాయి, ఎండ పూర్తిగా ఆగదు, రాలితే త్వరగా ఎరువవుతాయి. చలికాలం కొమ్మలు కొట్టి ఆకును మేకలకు, ఒంటెలకు వేస్తారు. లేత కాయల్ని ఎండబెట్టుకుని సాంగ్రి కూర వండుకుంటారు. 1868-69 కరువులో దీని బెరడును పిండి చేసుకుని తిని బతికిన వాళ్లున్నారు. పంట, పశువు, కూర, కరువు తిండి అన్నీ ఒక్క చెట్టు మీద ఆధారపడిన చోట గొడ్డలి ఎవరి మీద పడుతున్నట్టు?

జోధ్‌పూర్‌లోనే మెహ్రాన్‌గఢ్ కోట కింద రావ్ జోధా పార్క్ ఉంది, 72 హెక్టార్ల రాతి నేల, మధ్యలో నడక దారులు. అక్కడి సమస్య మనకూ బాగా తెలిసిందే, సర్కారు తుమ్మ. అమెరికా ఖండాల చెట్టు, 1930ల్లో ఎడారిని పచ్చగా చేద్దామని విత్తనాలు చల్లించారు, అది మిగతా మొక్కల్ని బతకనివ్వలేదు. పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. 2006లో పని మొదలుపెట్టినప్పుడు రాతి పనివాళ్లను పిలిచారు. వాళ్లు సుత్తితో తట్టి, శబ్దం విని, రాయి ఎక్కడ పగులుతుందో చెప్పగలరు. 70 కోట్ల ఏళ్లకు పైబడిన అగ్నిశిలను తొలిచి వేళ్లతో సహా తుమ్మను పీకి, ఆ గుంతల్లోనే ఎడారి రాళ్ల మీద పుట్టే స్థానిక మొక్కలు నాటారు. నాకు ఈ పనివాళ్ల చెవి మీద చాలా గౌరవం.

ఇంకో మాట. జమ్మి, సర్కారు తుమ్మ రెండూ చాలాకాలం ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిలో ఉండేవి. 2022లో శాస్త్రవేత్తలు సర్కారు తుమ్మను విడదీసి నెల్ట్యూమా అన్నారు. తేడా పట్టడానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు, కొమ్మ చూస్తే చాలు. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గర ముళ్లుంటాయి, ఎక్కువగా జంటగా. జమ్మికి కణుపుల మధ్య చిన్న ముళ్లు అక్కడక్కడా ఉంటాయి. వచ్చే దసరాకి మార్కెట్లో కట్ట కొనేముందు చూడండి.

నాకు జమ్మి అంటే మా నాయనమ్మ. చిన్నప్పుడు దసరా సాయంత్రం ఆమె ఇచ్చిన ఆకుల్ని పుస్తకంలో పెట్టుకునేవాణ్ణి. ఆమె పోయాక గింజలు తెచ్చి, వేడి నీళ్లలో రాత్రంతా నానబెట్టి బాల్కనీ కుండీలో వేశాను, పైపెంకు గట్టిది, ఊరికే వేస్తే త్వరగా మొలవదు. మొక్క ఇప్పటికి జానెడే ఉంది. ఎదగట్లేదేమో అని టెన్షన్ పడ్డాను. మొన్న కుండీ ఎత్తి చూస్తే అడుగు చిల్లు లోంచి వేరు బయటికొచ్చి ఉంది, మొక్క పొడవుకి రెండింతలు. కాలనీ పార్కులో ఒక మూల అడిగాను. పూలు బాగా పూస్తాయా అన్నారు అసోసియేషన్ అంకుల్. ఖేజర్లీ గురించి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత లేచి గునపం ఎక్కడుందో వెతకడానికి వెళ్లారు.